తెలిసి పంపినవాడు

తెలుగువారికి నాటకమనగానే మొదట జ్ఞప్తికి వచ్చునది రాయబార ఘట్టము. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములు ఎన్ని ఊళ్ళలో, ఎన్ని తిరునాళ్ళలో, ఎన్ని రాత్రులు ఆడబడెనో లెక్కించుట ఎవరి తరమును కాదు. పీసపాటి నరసింహమూర్తిగారి వంటి మహానటులు శ్రీకృష్ణుని వేషముతోనే ఇంటింట పేరు పొందిరి. పద్యము ముగియగానే 'వన్స్‌మోర్' అను కేకలు. మరల అదే పద్యము. మరల అవే కేకలు. ఇదంతయు మన పెద్దలు ఎరిగినదే.

అయితే ఈ ఆదరణలో ఒక వింత ఉన్నది. ఆ రాయబారము ఫలింపదని ప్రేక్షకులలో ప్రతివానికిని తెలియును. తండ్రి ఒడిలో నిద్రకు తూగుచున్న బాలునికి సైతము తెలియును. దుర్యోధనుడు ఒప్పుకొనడు, యుద్ధము తప్పదు. ముగింపు తెలిసిన వ్యవహారము కొరకు జనము తెల్లవారువరకు ఏల కూర్చుండవలెను? దీనికంటె పెద్ద వింత మరియొకటి కలదు. ఫలింపదని ఆ రాయబారికి కూడ తెలియును. ప్రేక్షకునికి తెలియుట కథ విన్నందువలన. ఆయనకు తెలియుట తాను భగవంతుడైనందువలన. తెలిసియు ఆయన రథమెక్కెను.

ఎదుటివాడు కాదనునని తెలిసిన చోటికి పోవలసి వచ్చినప్పుడు, భక్తుడైనవాడు దేనిని నమ్ముకొని అడుగు వేయవలెను? భగవంతునికి సర్వమును ముందే తెలియునను విశ్వాసము అట్టి వేళ మనకు ఏమి ఇచ్చును, ఏమి ఇయ్యదు? ఈ ప్రశ్న కొన్ని సంవత్సరములుగా నన్ను వెంబడించుచున్నది. నేను పండితుడను కాను. నాకు తోచిన నాలుగు మాటలు ఈ సంచిక చదువరుల యెదుట ఉంచుచున్నాను.

మాది ఆనేకల్ తాలూకా. బెంగుళూరికి ఆగ్నేయదిశగా సుమారు 35 కిలోమీటర్ల దూరమున ఉన్న పట్టణము ఆనేకల్. ఆ పేరునకు వడగల్లు అని పెద్దలు అర్థము చెప్పుదురు. అత్తిబెలె దాటినచో తమిళనాటి హోసూరు. ఈ సరిహద్దు నేలలో ఇంట తెలుగు, కచేరిలో కన్నడము, సంతలో తమిళము మాటాడుట మావారికి పుట్టుకతో వచ్చిన విద్య. 1956లో భాషల ననుసరించి రాష్ట్రములు ఏర్పడినప్పుడు మేము తెలుగు రాష్ట్రములో చేరలేదు. అయినను తెలుగు మమ్ము విడువలేదు. బన్నేరుఘట్టలో చంపకధామస్వామి, హుస్కూరులో మద్దూరమ్మ, ఆనేకల్‌లో ధర్మరాయస్వామి, వీరు మా ప్రాంతపు దేవరలు.

ధర్మరాజునకు గుడి కట్టి పూజించుట కొందరు తెలుగువారికి వింతగా తోచవచ్చును. చిత్తూరు ప్రాంతమువారికి ధర్మరాజు తిరునాళ్ళు పరిచితములే కనుక వారికి చెప్పనక్కర లేదు. మా వైపున ధర్మరాయస్వామి గుడులలో తిగళులు కరగ ఉత్సవమును జరుపుదురు. వ్రతనియమము పాటించిన పురుషుడొకడు స్త్రీవేషము ధరించి, మల్లెపూలతో గోపురమువలె అలంకరించిన కరగమును తలపై నిడుకొని, రాత్రివేళ వీథులవెంట నడచును. చుట్టును దూసిన కత్తులతో వీరకుమారులు నడతురు. ఆ కరగము ద్రౌపదీదేవి స్వరూపమని వారి నమ్మకము. పాండవులు స్వర్గారోహణమునకు పోవుచుండగా వెనుకబడిన ద్రౌపది యెదుటికి తిమిరాసురుడను రాక్షసుడు వచ్చెననియు, వానిని చంపుటకు ఆమె వీరకుమారులను పుట్టించెననియు, విడిచిపోవలదని వారు వేడుకొనగా ఏటేట కొన్ని దినములు తిరిగి వచ్చెదనని మాట ఇచ్చెననియు కథ చెప్పుదురు. పండితుల భారతములో కనబడని కథ ఇది. కాని యుద్ధమునకు పిమ్మట కూడ ద్రౌపదికి ఎదిరింపు తప్పలేదని మా ప్రాంతపు సామాన్యులు గుర్తుంచుకొనిరి. కరగము చూచినప్పుడెల్ల నాకు రాయబారమునకు ముందు కన్నీరు పెట్టుకొన్న ద్రౌపదియే జ్ఞప్తికి వచ్చును.

ఉద్యోగపర్వములో ఆ ఘట్టము ఎంత వివరముగా ఉన్నదో తిక్కన సోమయాజి భారతము చదివినవారెరుగుదురు. శ్రీకృష్ణుడు హస్తినాపురమునకు పోవుదునన్నప్పుడు మొదట అడ్డు చెప్పినవాడు ధర్మరాజే. ఆ దుర్మార్గుల నడుమకు నీవు ఒంటరిగా పోవుట నాకిష్టము కాదనెను. దానికి శ్రీకృష్ణుడు చెప్పిన సమాధానము గమనింపదగినది. దుర్యోధనుని పాపబుద్ధి నేనెరుగుదును. అయినను పోవుటచేత లోకములో రాజులెవ్వరును మనలను నిందింపజాలరు అని ఆయన భావము. ఫలించునని ఆయన ఆశ చూపలేదు. భీముడు సైతము ఆనాడు మెత్తగా మాటాడి సంధి కోరెను. సహదేవుడును సాత్యకియు యుద్ధమే మేలనిరి. ద్రౌపది వచ్చి తన తలవెండ్రుకలు చేత పట్టి చూపి, సంధి మాటాడునప్పుడు దీనిని మరువవలదని ఏడ్చెను. ఆమెకును ఆయన మాట ఇచ్చెను. ఇన్ని విధములైన మనసుల బరువు మోసికొని ఆయన బయలుదేరెను.

హస్తినాపురమున ఆయన దుర్యోధనుని విందు నిరాకరించి విదురుని ఇంట భుజించెను. ఆ రాత్రి విదురుడు చెప్పిన మాట మన ఇండ్లలోని పెద్దలు చెప్పునదే. నీవు రావలసినది కాదు. చెవిటివారి యెదుట పాడినట్లగును. వారి నడుమ నీవు కూర్చుండుట నాకు సమ్మతము కాదనెను. శ్రీకృష్ణుడు విదురుని మాట కాదనలేదు. ధర్మకార్యమునకు శక్తికొలది ప్రయత్నించినవానికి అది నెరవేరకపోయినను పుణ్యము కలుగుననెను. ఆపదలో పడబోవు మిత్రుని జుట్టు పట్టియైనను వెనుకకు లాగవలెననియు, అట్లు చేయనివాడు మిత్రుడు కాడనియు చెప్పెను. ఇచ్చట ఒక సంగతి మనము తరచుగా మరచిపోవుదుము. ఆయన వెనుకకు లాగదలచినది పాండవులను మాత్రమే కాదు. కౌరవులు కూడ ఆయనకు కావలసినవారే. ఒప్పుకొనడని తెలిసిన దుర్యోధనునితో ఆయన ఒప్పుకొనదగినవానితోవలె మాటాడెను.

ఇది పురాణము. దీనిని మన వాకిటిలోనికి తెచ్చి చూడనిచో ఉపన్యాసముగానే మిగులును. కావున నా ఇంటి సంగతి ఒకటి చెప్పవలసియున్నది.

మా తండ్రిగారు విడిచిపోయిన భూమి 2 ఎకరముల 20 గుంటలు. ఒకప్పుడు రాగులు, అవరెకాయలు పండిన మెట్టనేల. నా బాల్యములో ఆ భూమిని చూచి ఎవరును ఈర్ష్యపడలేదు. 1970ల చివర మాకు ఇరుగుపొరుగున కోనప్పన అగ్రహారము, దొడ్డతోగూరు వైపు ఎలక్ట్రానిక్ సిటీ మొలకెత్తెను. పిమ్మట జిగణి, బొమ్మసంద్ర, అత్తిబెలెలలో కర్మాగారములు వచ్చెను. చేలలో హద్దురాళ్ళు లేచెను. గుంటల లెక్కన కొలుచు నేలను చదరపు అడుగుల లెక్కన అడుగుట మొదలయ్యెను. నేల ధర పెరిగినకొలది అన్నదమ్ములు మాటలు తూచి వాడుట నేర్చిరి.

మా అక్కకు 1988లో వివాహమయ్యెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ఉమ్మడి ఆస్తిలో కుమార్తెను పుట్టుకతో హక్కుదారుగా చేయలేదు. ఆంధ్రప్రదేశ్ 1986 నాటి చట్టముతో, మా కర్ణాటకము 1994లో కుమార్తెలకు ఆ హక్కు నిచ్చినవి. కాని చట్టము రాకముందే వివాహమైనవారిని విడిచివేసినవి. 2005లో కేంద్ర ప్రభుత్వము చేసిన సవరణలో ఆ భేదము పోయెను. తండ్రి అప్పటికే గతించియున్నను కుమార్తె హక్కు పోదని 2020 ఆగస్టు 11వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము తేల్చిచెప్పెను. ఇట్లు మా అక్కయొక్క హక్కు పుట్టుకతో వచ్చినదే యైనను, ఆమె వద్దకు చేరుటకు అరువదేండ్లకు పైగా నడచి వచ్చినది.

ఆమె భర్త గతించెను. ఇద్దరు కుమార్తెలు చదువుకొనుచుండిరి. ఆమె న్యాయస్థానమునకు పోవుట కిష్టపడలేదు. పూర్తి వాటాయు అడుగలేదు. 10 గుంటలు చాలుననెను. లెక్క వేసినచో ఆమెకు రావలసినదానిలో సగమునకును తక్కువ. అయిదూళ్ళ కథ ఎవరికైనను జ్ఞప్తికి రాకమానదు. పహణీలో పేరు పెద్దన్నగారిది, సాగుబడి ఆయనది, తండ్రి పోయినప్పటినుండి ఇంటి బరువు మోసినవాడును ఆయనయే. ఆ సంగతి కూడ చెప్పకున్న అన్యాయమగును. ఆయన అంగీకరింపడని మాకందరకును తెలియును.

2021లో ఒకనాడు మా తల్లి నన్ను పిలిచి ఇట్లనెను: "వాడు ఒప్పుకోడు నాయనా. ఆ సంగతి నాకు తెలుసు. పైనుండేవానికి నా కంటే ముందే తెలుసు. అయినా నువ్వు పోయి అడిగి రా. అడగలేదనే మాట మన ఇంట్లో ఉండగూడదు."

ఆమె చదువుకొన్నది కాదు. శ్రీకృష్ణుడు ధర్మరాజునకు చెప్పిన మాట ఆమె ఎచ్చటనైనను విన్నదో, తానే కనుగొన్నదో నేనడుగలేదు. ఆమె మాటలో రెండు భాగములున్నవని నాకు పోగా పోగా తెలిసినది. కాదనుననుట మొదటిది. ఆ కాదనుట దేవునికి క్రొత్త కాదనుట రెండవది. మొదటి భాగము మాత్రమే విన్నవాడు ఇల్లు కదలడు. రెండవ భాగము కూడ విన్నవాడు చెప్పులు తొడుగుకొనును.

నేను పోతిని. అన్నగారు ఆదరముగానే కూర్చుండబెట్టెను. చెప్పవలసినది చెప్పితిని. ఆయన కొంతసేపు నేలచూపులు చూచి, "దానికి పెండ్లిలోనే పెట్టినాము గదరా. ఇప్పుడు నేల ధర చూసి అడుగుతావుందా?" అనెను. "ధర చూసి కాదన్నా, పిల్లల్ని చూసి అడుగుతావుంది. అడగమని పంపింది అమ్మ" అంటిని. ఆయన తల అడ్డముగా ఊపెను. చట్టము మాట నేనెత్తలేదు. ఆయనకు తెలియనిది కాదు. వ్యవహారము అంతటితో ముగిసెను. పోవుటకు లేచితిని. "అన్నము తిని పో" అనెను. శ్రీకృష్ణుడు దుర్యోధనుని విందు కాదనుటకు కారణమున్నది. ప్రీతివలననో ఆపదవలననో పరుల అన్నము తినవలెను, అచ్చట ఆ రెండును లేవు. మా అన్నగారి ఇంట ప్రీతి చావలేదు. కూర్చుండి తింటిని. వదిన రాగిసంగటి పెట్టెను.

బస్సు నిలుచు చోటివరకు అన్నగారు నా వెంట వచ్చెను. దారిలో భూమి మాట రాలేదు. బస్సు ఎక్కబోవుచుండగా, "చిన్నదానికి కాలేజీ ఫీజు కట్టిరా?" అని అడిగెను. కట్టలేదంటిని. మరల మాటాడలేదు. మూడు దినములకు ఫీజు ముట్టినట్లు అక్క చెప్పెను. భూమి నేటికిని పంపకము కాలేదు. 2023లో మా తల్లి కాలము చేసెను. అడిగి వచ్చితినను మాట ఆమె వినియే పోయెను.

ఈ సంగతినుండి నేను గ్రహించిన దేమి? మొదటిది: కాదనునని ముందే తెలిసినవాడు కోపముతో పోనక్కర లేదు. ఫలమంతయు తన మాట నేర్పు మీదనే ఉన్నదనుకొనువాడు, ఎదుటివాడు తల అడ్డముగా ఊపగానే గొంతు పెంచును, ఉన్నదానికి లేనిది చేర్చును, బెదిరించును. ఓడిపోవుటకు అతనికి ధైర్యము లేదు. ఆ నిరాకరణము భగవంతుని ఎరుకలో మొదటినుండియు ఉన్నదని నమ్మినవాడు నిజమునే మెత్తగా చెప్పి రాగలడు. ముందెరుకను నమ్మినవానికి జయము కలుగునని నేను చెప్పజాలను. అపజయమును గూర్చిన భయము తగ్గునని మాత్రము చెప్పగలను. ఆ భయము తగ్గిన చోటనే మర్యాదకు తావు దొరకును.

రెండవది: మన ఊహ వేరు, ఆయన ఎరుక వేరు. భూమి అడిగినచో మా అన్నగారు కాదనునని నేనూహించితిని. ఊహ నిజమయ్యెను. కాని బస్సు కడ ఆయన అడుగబోవు ప్రశ్నను నేనూహింపలేదు. మనకు ముందుగా తెలియునది ఎదుటివాని నిరాకరణము మాత్రమే. భగవంతునికి తెలియునది ఆ మనుష్యుడు మొత్తము. కనుక 'వానిని నేనెరుగుదును, పోయి ప్రయోజనము లేదు' అనుట తెలివివలె కనబడును గాని, అందు సగమే తెలివి.

మూడవది: కాదనిపించుకొనుట దారి తప్పితిమనుటకు గుర్తు కాదు. మనవారిలో ఒక అలవాటు కలదు. మంచిపని తలపెట్టి మొదటి గడపలోనే తిరస్కారము కలిగినచో, దైవానుకూలత లేదని విరమింతురు. ఎదురుగాలిని దైవసంకల్పముగా చదువుట సులభము. ఇంట కూర్చుండుటకు అది మంచి నెపము కూడ.

ఈ విషయములో బైబిలు నిర్గమకాండములోని మోషే కథ మన కథకు చాల దగ్గరగా ఉన్నది. ఐగుప్తురాజు కడకు పోయి దాస్యములో ఉన్న ప్రజలను విడువుమని అడుగుమని దేవుడు మోషేను పంపును. ఆ రాజు విడువడని కూడ ఆ వేళనే చెప్పును. మోషే తనకు మాటనేర్పు లేదని వెనుదీయగా అన్నయైన అహరోనును తోడిచ్చును. పోయి అడిగిన తోడనే ఏమి జరిగెను? ప్రజల కష్టము ఇంకను పెరిగెను. ఇటుకలు చేయుటకు గడ్డి ఇయ్యక, గడ్డి తామే ఏరుకొని అన్ని ఇటుకలును చేయవలెనని రాజాజ్ఞ పుట్టెను. తనవారే మోషేను నిందించిరి. నన్ను ఎందుకు పంపితివని అతడు దేవుని అడిగెను. ముందే చెప్పబడినవాడు కూడ, ఆ చెప్పబడినది జరిగిననాడు తల్లడిల్లెను. తెలిసియుండుట వేరు, అనుభవించుట వేరు. భగవంతుని ముందెరుకను నమ్మువానికి నొప్పి ఉండదని ఆ గ్రంథము చెప్పదు. నొప్పితో ఆయనను ప్రశ్నించుటకు చోటు ఇచ్చును.

చట్టమును ముందు పెట్టుకొనియు లోకమును ఎదిరింపవలసి వచ్చిన వృత్తాంతము మన తెలుగునాట ప్రసిద్ధమైనది ఉన్నది. వితంతువుల పునర్వివాహమును 1856 నాటి చట్టము అంగీకరించెను. కాని చట్టము పందిరి వేయదు, పురోహితుని పిలువదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1879లో ఆ విషయమై ఉపన్యసించి, 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వివాహము జరిపించిరి. తమకు కలుగబోవు ఎదిరింపు ఎట్టిదో వారికి తెలియకపోలేదు. వెలి, దూషణ, దౌర్జన్యము అన్నియు ఎదురుచూచినవే. విద్యార్థులు తోడు నిలిచిరి. కాకినాడ పైడా రామకృష్ణయ్యగారు ధనమిచ్చిరి. వంటవారును, నీరు తెచ్చువారును మానివేయగా పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు ఆ పనులు తామే తలకెత్తుకొనిరి. పంతులుగారు ఏకేశ్వరోపాసకులు, ప్రార్థనను నమ్మినవారు. ఆ ప్రార్థన ఎదిరింపును తొలగింపలేదు. నీళ్ళబిందె ఎత్తుకొనుటకు సిద్ధపడిన ఒక ఇల్లాలిని మాత్రము వారి పక్కన నిలిపెను. నాకు ఆ బిందెయే పెద్ద సాక్ష్యముగా తోచును.

ఇంతవరకు చదివినవారు ఒక ఆక్షేపణ చేయవచ్చును. ముందే తెలిసినవాడు, శక్తి కలవాడు, ఆపకుండుట ఎట్లు న్యాయము? ఈ ప్రశ్న మనకంటె ముందు ఉదంకమహర్షి అడిగెను. యుద్ధానంతరము ద్వారకకు పోవుచున్న శ్రీకృష్ణునికి దారిలో ఆ ముని ఎదురయ్యెనని అశ్వమేధపర్వము చెప్పును. కౌరవపాండవులకు సంధి చేసితివా అని ముని సంతోషముతో అడుగును. అందరు నశించిరని విని, శక్తి కలిగియు కాపాడలేదని కోపించి శపింపబోవును. శ్రీకృష్ణుడు ఆ కోపమును తప్పు పట్టక ఓర్పుతో సమాధానము చెప్పును. నేను ఏ జన్మమెత్తితినో ఆ జన్మమునకు తగినట్లే వర్తింతును; మనుష్యుడనై యున్నప్పుడు మనుష్యునివలెనే దీనముగా వేడుకొంటిని, భయపెట్టియు చూచితిని; వారు వినలేదు అని దాని సారాంశము.

దీనమైన ఆ వేడుకోలులో నాకొక సమాధానము కనబడుచున్నది. పంచాంగములో వ్రాసియుండుటచేత గ్రహణము పట్టదు. పట్టును గనుక వ్రాయబడినది. అట్లే భగవంతునికి తెలిసియుండుటచేత దుర్యోధనుడు కాదనలేదు. అతడు కాదనును గనుక ఆయనకు తెలిసినది. అయితే చంద్రునికి మార్గాంతరము లేదు, మనుష్యునికి కలదు. ఆ మార్గాంతరము చూపుటకే రాయబారము. దుర్యోధనుడు సూదిమొన మోపినంత నేల ఇయ్యననెను. అది యెరుగక ఆడిన మాట కాదు. భీష్ముడు చెప్పిన పిమ్మట, ద్రోణుడు చెప్పిన పిమ్మట, కన్నతల్లి గాంధారి సభకు వచ్చి చెప్పిన పిమ్మట నిలిచిన నిర్ణయము. అడుగకపోయినచో అతని దోషము మన అనుమానముగానే మిగిలియుండును. అడుగుటచేత అతనికి ఒక అవకాశము ఇయ్యబడెను.

ఆ అవకాశము అందుకొన్నవాడు ఆ ఇంట ఒకడున్నాడు. ధృతరాష్ట్రుని కుమారుడైన యుయుత్సుడు యుద్ధారంభమున ధర్మరాజు పిలుపు విని ఇవతలికి వచ్చెను. ఇల్లంతయు కాదన్నదని మనకు తోచినప్పుడు ఆ ఇంట ఒకడు వినుచుండవచ్చును. నేను అన్నగారితో మాటాడిననాడు ఆయన కుమారుడు తలుపు కడ నిలిచియుండెను. ఒక్క మాటయు పలుకలేదు. అప్పటినుండి ప్రతి ఉగాదికి ఆ బాలుడు హోసూరు పోయి మేనత్తకు మ్రొక్కి వచ్చుచున్నాడు. నేనెవరికై మాటాడితినో ఆయన వినలేదు. నేను లెక్కలో పెట్టనివాడు వినెను.

ఇక ఒక హెచ్చరిక చెప్పక ముగించుట తగదు. 'దేవునికి తెలుసు' అను మాట ధైర్యమునకు ఎంత ఉపకరించునో మొండితనమునకును అంతే ఉపకరించును. తన పంతమునకు ఎదురువచ్చిన ప్రతివానిని దుర్యోధనునిగా చూచి, తాను శ్రీకృష్ణుని పక్షమని నమ్మువారు లోకములో కొరవడలేదు. దుర్యోధనుడు సైతము తన పట్టుదలను క్షాత్రధర్మమనియే అనుకొనెను. కనుక పోవువాడు తన్ను తాను పరీక్షించుకొనవలెను. ఆ పరీక్షకు కొలమానము రాయబారములోనే దొరకును. అడుగవలసినది తగ్గించుకొంటినా? రాజ్యము పోయినవారు అయిదూళ్ళకు దిగిరి. చేత ఆయుధము లేకుండ, రహస్యము లేకుండ, పదిమంది యెదుట మాటాడుచున్నానా? ఎదుటివాని మేలు కూడ నా మాటలో ఉన్నదా? నేను అడుగుచున్నది నాకొరకా, నోరు లేనివారి కొరకా? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనలేనివాడు దైవము పేరెత్తకుండుట మంచిది.

అందరికిని అడిగి రావలసిన గడప ఏదో ఒకటి ఉండును. ఒకరికి అది అన్నదమ్ముల ఇల్లు, ఒకరికి కచేరి, ఒకరికి తన సంఘములోని పెద్దల చావడి. మన తెలుగువారు ఉద్యోగమునకై, వ్యాపారమునకై ఎన్నెన్ని దేశములకో పోయిరి. ఆ గడపమాత్రము వెంటనే వచ్చును. పోవువేళ ఎదుటివాని మనసు మార్చుమని ప్రార్థించుట సహజమే. మారినచో సంతోషము. మారకున్నను, ముందుగానే తెలిసియుండియు మనలను పంపినవాడు మన అడుగు వ్యర్థమని ఎంచి పంపలేదు. నా నోట అబద్ధము రానీయకుము, నా మనసులో ద్వేషము నిలువనీయకుము, తిరిగి వచ్చు దారిలో తలుపు మూసి రానీయకుము అని వేడుకొన్నచో చాలును. అంతవరకు మన పని. తక్కినది తెలిసినవానిది.